మెదడులోని కంతి

పైచిహ్నములను బట్టి లోపలి నిక్షేపమును ఊహించుట భూగర్భశాస్త్రజ్ఞుల విద్య. 1871లో విలియం కింగు ఇల్లందు చెంత బొగ్గును గుర్తించిన వృత్తాంతమును గోదావరిఖని బాలురకు నేను పెక్కేండ్లు బోధించితిని. వైద్యచరిత్రయందును ఇట్టి ఘట్టమొకటి కలదు.

1884లో లండనునందు ఒక యువకునకు ఎడమవైపున ఈడ్పులు, చేతి బలహీనత, తీవ్రమైన తలనొప్పి, వాంతులు కలిగెను. కుడి మెదడు ఎడమ అంగములను నడుపునుగదా! ఎక్స్‌కిరణములైనను లేని ఆ దినములలో బెన్నెట్ వైద్యుడు ఈ చిహ్నములచేతనే కంతి యున్న తావును నిర్ణయించెను. నవంబరు 25న గాడ్లీ కపాలమును తెఱచి, సరిగా అచ్చటనే దానిని కనుగొని తొలగించెను. రోగి నాలుగు వారములకు మరణించెను. అందులకు హేతువు కంతి కాదు, గాయమునకు సోకిన క్రిమిదోషము. మార్గము మాత్రము తెఱవబడెను.

కంతులలో మెదడునందే పుట్టునవి కొన్ని, ఊపిరితిత్తులు మున్నగు అవయవములనుండి వ్యాపించునవి కొన్ని. మెదడుపొరలలో జనించు మెనింజియోమా తఱచుగా సాధ్యము. గ్లయోబ్లాస్టోమా మిక్కిలి క్రూరము. శస్త్రము, కిరణము, ఔషధము నేటి చికిత్సలు. మెదడు లింఫోమాకు వాడు మెథోట్రెక్సేటు, భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధకబృందము కృషిఫలము.

ఉదయపు తలనొప్పి దినదినము హెచ్చినను, తొలిసారి మూర్ఛ వచ్చినను, చూపు మందగించినను, గనివేడిమి యనియు, రాత్రి షిఫ్టు అలసట యనియు, గాలి సోకెననియు త్రోసిపుచ్చరాదు. బెన్నెట్‌కు లేని యంత్రములు నేడు మనకు కలవు. చిహ్నమును ముందుగా గుర్తింపవలసినవారు మాత్రము ఇంటివారే.