చక్రవర్తి కూలిన మర్నాడు

1983 మే నెలలో విడుదలైన స్టార్ వార్స్ సినిమా ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’ పండుగతో ముగుస్తుంది. గ్రహాలను పేల్చే ఆయుధకేంద్రం, రెండో డెత్ స్టార్ పేలిపోయింది. చక్రవర్తి పాల్పటీన్ చచ్చాడు. ఎండోర్ అడవిలో అక్కడి జీవులైన ఈవాక్‌లు డప్పులు కొడుతుంటే తిరుగుబాటుదారులు ఆడిపాడారు. మరి మర్నాటి పొద్దున పరిపాలన ఎవరి చేతికి వచ్చింది? గ్రహగ్రహానా పాతుకుపోయిన గవర్నర్లు, సైనికులు ఏమయ్యారు? సినిమా చెప్పలేదు. స్టార్ వార్స్ అభిమానులు ఇప్పటికీ తెగకుండా వాదించుకునే విషయం ఇదే. ఆ కథాలోకంలో ఇంతకంటే విలువైన ప్రశ్న మరొకటి లేదని నా నమ్మకం. నియంతను కూల్చే కథలు మనకు కావలసినన్ని ఉన్నాయి. కూల్చినవాళ్లు ఆ తర్వాత ఎలా పాలించారో చెప్పే కథలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మొదట గట్టిగా జవాబిచ్చింది ఒక నవలా రచయిత. 1991లో తిమోతీ జాన్ రాసిన ‘ఎయిర్ టు ది ఎంపైర్’ యుద్ధం ముగిసిన ఐదేళ్లకు మొదలవుతుంది. న్యూ రిపబ్లిక్ అనే కొత్త ప్రభుత్వం గద్దెనెక్కింది గానీ, అందులో కుదురు లేదు. తిరుగుబాటు నాయకురాలు లెయా కడుపుతో ఉండి కూడా రాయబారాలు నడుపుతూ గ్రహాల చుట్టూ తిరుగుతుంటుంది. బోర్స్క్ ఫేలియా అనే మంత్రివర్గ సభ్యుడు, యుద్ధం గెలిపించిన అడ్మిరల్ అక్బర్ మీదే ద్రోహం ముద్ర వేయడానికి ఎత్తులు వేస్తాడు. గెలిచినవాళ్లు గెలిచాక ఒకరినొకరు తొక్కుకోవడం చరిత్ర చదివినవాళ్లకు కొత్త సంగతి కాదు. అంతరిక్ష సాహస కథలో మాత్రం అప్పటికది కొత్త. రాజధాని గ్రహానికి కోరసాంట్ అని పేరు పెట్టింది కూడా జానే. తర్వాత స్టార్ వార్స్ సృష్టికర్త జార్జ్ లూకాస్ దాన్నే సినిమాల్లోకి తీసుకున్నాడు. ఆ నవలతో తలుపులు తెరుచుకుని పుస్తకాలు, కామిక్స్ వరదలా వచ్చాయి.

వాదన మాత్రం పుస్తకాలు చదివేవాళ్ల దగ్గరే ఆగలేదు. 1994లో కెవిన్ స్మిత్ తీసిన ‘క్లర్క్స్’ సినిమాలో ఇద్దరు మిత్రులు ఒక సందేహం మీద కూర్చుంటారు: సగం కట్టిన డెత్ స్టార్ పేలినప్పుడు అందులో పనిచేస్తున్న కాంట్రాక్టు కూలీల పాపం ఎవరిది? 2015లో జాకరీ ఫైన్‌స్టీన్ అనే ఆర్థిక గణిత పరిశోధకుడు ఇంకో కోణం పట్టుకున్నాడు. రెండు డెత్ స్టార్ల ఖర్చునూ అంచనా కట్టి, అంత అప్పు ఒక్కసారిగా మునిగితే బ్యాంకులు కూలకుండా కాపాడడానికి తిరుగుబాటుదారులు గెలాక్సీ వార్షికోత్పత్తిలో కనీసం 15 శాతం సిద్ధంగా పెట్టుకుని ఉండాలని తేల్చాడు. కల్పిత లోకానికి ఇంత లెక్క ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కథను నమ్మినవాళ్లే ఇలా లెక్కలు కడతారు. నమ్మనివాళ్లు సినిమా అవగానే లేచి వెళ్లిపోతారు.

అసలు లూకాస్ మనసులోనూ ఈ ప్రశ్నే మెదిలింది. తాను తీయాలనుకుని తీయలేకపోయిన మూడు సినిమాల గురించి ఆయన చెప్పిన వివరాలు 2020లో వెలువడిన పాల్ డంకన్ పుస్తకంలో ఉన్నాయి. 2003లో సద్దాం ప్రభుత్వం పడిపోయాక ఇరాక్‌లో జరిగినదాన్ని చూసి ఆయన ఆ కథ అల్లుకున్నాడు. ఓడిన సైనికులు ఆయుధాలు దించకుండా సొంత ఇలాకాలు ఏర్పరచుకుంటారు. ఆ సందులో ప్రతినాయకుడు డార్త్ మాల్ నేరసామ్రాజ్యం కట్టుకుంటాడు. రిపబ్లిక్‌ను మళ్లీ నిలబెట్టే భారం లెయా మీద పడుతుంది. తిరుగుబాటు కంటే పునర్నిర్మాణం కష్టమన్నదే ఆ కథకు వెన్నెముక. తీసి ఉంటే గొప్ప సినిమాలయ్యేవని నేను అనుకుంటాను.

2012 అక్టోబరులో డిస్నీ సుమారు 4 బిలియన్ డాలర్లకు లూకాస్‌ఫిల్మ్‌ను కొన్నది. లూకాస్ రాసిచ్చిన కథాంశాలను పక్కన పెట్టింది. 2014 ఏప్రిల్‌లో పాత నవలలూ కామిక్సూ ‘లెజెండ్స్’ కిందికి పోయాయి. అంటే అవి ఇక అధికారిక చరిత్ర కాదు. ప్రశ్న మళ్లీ మొదటికొచ్చింది.

2015 డిసెంబరులో జె.జె. అబ్రమ్స్ ‘ది ఫోర్స్ అవేకెన్స్’ వచ్చింది. ఎండోర్ విజయం తర్వాత ముప్ఫై ఏళ్లు గడిచాయి. రిపబ్లిక్ ఉంది. సామ్రాజ్యం బూడిదలోంచి లేచిన ఫస్ట్ ఆర్డర్ ఉంది. ఈ రెండూ కాక, లెయా నడిపే రెసిస్టెన్స్ అనే చిన్న దళం. చూసినవాళ్లు తికమకపడ్డారు. ప్రభుత్వం మనదే అయినప్పుడు, దాని తరఫున పోరాడాల్సిన లెయా చాటుమాటు దళాన్ని ఎందుకు నడుపుతోంది? ప్రభుత్వ సైన్యం ఎక్కడుంది? ఇవి తేలకముందే ఫస్ట్ ఆర్డర్ వాళ్ల స్టార్‌కిల్లర్ ఆయుధం రిపబ్లిక్ రాజధాని గ్రహం హోస్నియన్ ప్రైమ్‌నూ, దానితో పాటు సెనేట్‌నూ బూడిద చేసేసింది. చాలామంది ఆ గ్రహాన్ని కోరసాంట్ అనుకున్నారు.

జవాబు చిత్రీకరించినదాంట్లో ఉంది. లెయా తన దూత కోర్ సెల్లాను సెనేట్‌ను ఒప్పించడానికి పంపే సన్నివేశం తీశారు, కూర్పులో తీసేశారు. అలన్ డీన్ ఫాస్టర్ రాసిన నవలారూపంలో అది మిగిలింది. సినిమాలో సెల్లా, విధ్వంసానికి ముందు క్షణంలో ఒక వసారాలో కనిపిస్తుందంతే. ఆమె ఎవరో ప్రేక్షకుడికి తెలియదు. 1999 నాటి ‘ఫాంటమ్ మెనేస్’ వాణిజ్య మార్గాల పన్నులతో మొదలై, సెనేట్ చర్చలతో విసిగించిందన్న విమర్శ అప్పటికీ చెవుల్లో మోగుతూనే ఉంది. ఆ మాట మళ్లీ పడాల్సి వస్తుందన్న భయమే ఈ కత్తెరకు కారణమని నా అభిప్రాయం.

కానీ 1977 నాటి మొదటి సినిమా చూడండి. బల్ల చుట్టూ అధికారులు కూర్చుని ఉంటారు. సామ్రాజ్యపు ఉన్నతాధికారి టార్కిన్ వచ్చి, చక్రవర్తి సెనేట్‌ను రద్దు చేశాడనీ, ఇక ప్రాంతీయ గవర్నర్లే పాలిస్తారనీ, భయమే జనాన్ని అదుపులో ఉంచుతుందనీ చెప్తాడు. నిమిషం కూడా పట్టదు, రాజ్యం స్వరూపం మొత్తం అర్థమైపోతుంది. తర్వాత ఆల్డెరాన్ గ్రహం పేలేటప్పుడు లెయా ఎదుటే నిలబడి చూస్తుంది, అది ఆమె పుట్టిల్లు కాబట్టి మనకూ గుండె కలుక్కుమంటుంది. హోస్నియన్ ప్రైమ్ మీద మనకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. అభిమానుల్లో ఒక పక్షం, రిపబ్లిక్ అంత తేలిగ్గా కూలడం 1983 గెలుపును అవమానించడమేనంటుంది. నిర్లక్ష్యం చేసిన ప్రజాస్వామ్యాలు అలాగే కూలతాయంటుంది రెండో పక్షం. నేను రెండో పక్షం వైపే. రిపబ్లిక్ కూలిందని నాకు కోపం లేదు. మనకు పరిచయం చేయకుండానే కూల్చేశారన్నది నా ఫిర్యాదు.

ఖాళీని పూరించే పని మళ్లీ నవలల మీదే పడింది. చక్ వెండిగ్ ‘ఆఫ్టర్‌మాత్’ మూడు పుస్తకాల్లో, కొత్త ప్రభుత్వానికి నాయకురాలైన మాన్ మోత్మా సైన్యాన్ని 90 శాతం తగ్గించాలని పట్టుబడుతుంది. మరో నియంత చేతికి అంత బలగం చిక్కకూడదన్నది ఆమె ఉద్దేశం. మంచి మనసుతో తీసుకున్న ఆ నిర్ణయమే తర్వాత మెడకు చుట్టుకుంటుంది. 2016 మేలో వచ్చిన క్లాడియా గ్రే ‘బ్లడ్‌లైన్’ ఇంకా లోతుకు వెళ్తుంది. గ్రహాల సొంతాధికారం కోరే పాపులిస్టులు, బలమైన కేంద్రం కోరే సెంట్రిస్టులు ఒకరినొకరు అడ్డుకోవడంతో సెనేట్‌లో ఏ పనీ సాగదు. లెయా తండ్రి, చక్రవర్తి కుడిభుజంగా ఉన్న డార్త్ వేడరే అన్న రహస్యాన్ని నిండు సభలో బయటపెట్టి ఆమెను రాజకీయంగా దెబ్బతీస్తారు. జీవితమంతా ప్రజాస్వామ్యానికే ఇచ్చిన మనిషి ఆ ప్రజాస్వామ్యం లోపల ఒంటరి అవుతుంది. రెసిస్టెన్స్ ఎందుకు పుట్టిందో అక్కడ తెలుస్తుంది.

2019లో మొదలైన ‘మాండలోరియన్’ ధారావాహిక కూడా చక్రవర్తి కూలిన తర్వాతి కాలాన్నే తవ్వింది. 2023లో వచ్చిన ఒక భాగంలో, మాజీ సామ్రాజ్య ఉద్యోగులకు క్షమాభిక్ష పెట్టి కోరసాంట్‌లో గుమాస్తా పనులు ఇస్తారు. తెర మీద న్యూ రిపబ్లిక్ పాలన ఎలా ఉండేదో ఇంత దగ్గరగా చూపించిన ఘట్టాలు తక్కువ.

మీరు ‘ది ఫోర్స్ అవేకెన్స్’ చూసి పెదవి విరిచినవారైతే, ‘బ్లడ్‌లైన్’ చదివి ఆ సినిమాను ఇంకోసారి చూడండి. హోస్నియన్ ప్రైమ్ ఆకాశంలో ఎర్రటి వెలుగు కనిపించినప్పుడు, అక్కడ ఎవరు చచ్చిపోతున్నారో ఈసారి మీకు తెలుస్తుంది.