జొన్నల పొట్లం పారేయకండి

చెప్పులు విప్పండి. ఉత్త కాళ్లతో బండెక్కండి. మీరిప్పుడు హైదరాబాద్‌లో ఖాజాగూడ గుట్టల మీదున్నారు. మే నెల, పొద్దున పదకొండు. అరికాలు చుర్రుమంటోంది. ఈ రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు, అంటే భూమి వయసులో సగానికి పైనే. ఇంత చూసిన రాయి గనక దీని మీదే నిలబడి కాలంలో ముందుకు పోదాం. అరిగితే అరగనివ్వండి, దాని కింద ఇంకో రాయి ఉంటుంది. ఖండమే కదిలిపోయినా మీరు దిగకండి.

మీ చుట్టూ ఓ అద్దాల గది. తలుపు ఒక్కటే, గడియ మీ చేతిలో ఉంది. పక్కన రెండు పొట్లాలు. ఒకదాంట్లో వడ్లు, రెండోదాంట్లో జొన్నలు. రెండూ తీసుకోండి.

25 కోట్ల ఏళ్లు దాటాం. తలుపు తీయండి.

ఉక్క మొహాన కొడుతుంది. ఖండాలన్నీ మళ్లీ అతుక్కుని ఒకే నేలైపోయాయి. పగటి ఎండ 40, 50 డిగ్రీలు. చెమట పోస్తోంది గానీ ఆరడం లేదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఆవుకైనా ఏనుగుకైనా మీకైనా అదే బాధ. అప్పటికి పాలిచ్చే జంతువులు బతకగలిగే నేల నూటికి 8 నుంచి 16 వంతులే ఉంటుందని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో లెక్కకట్టారు. మీ కింద ఉన్న రాయి ఆ కొద్దిపాటి నేలలో లేదనుకోండి. తల తిరుగుతోందా? తలుపేయండి.

60 కోట్ల ఏళ్లు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. బండ సందులో మట్టి ఉంది, వాన కురిసి తడిగా ఉంది. పొట్లం విప్పండి. ఏది చల్లుతారు? అన్నం తినే చెయ్యి కదా, వడ్ల మీదికే పోతుంది. సరే, చల్లండి.

మొలకొచ్చింది. ఒక ఆకు. రెండో ఆకు. మూడో ఆకు సగంలో ఆగింది, పాలిపోయింది. వంగి చూడండి. పురుగు లేదు, తెగులు లేదు, నీటికి కొదవ లేదు. మొదటి ఆకులు గింజలోని పిండి తిని పెరిగాయి. ఇప్పుడు గాలి తిని బతకాలి. ఆ గాలిలో తిండి లేదు.

ఎవరు తిన్నారు? మీ కాళ్ల కింద ఉన్న బండే. అరికాలితో గట్టిగా రుద్దండి, పొడి రాలుతుంది. వానచుక్క గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించుకుని ఈ రాయి మీద పడుతుంది, రాయిని కొద్దికొద్దిగా తింటుంది. ఆ కార్బన్ ఏటినీళ్లతో సముద్రం చేరి సున్నపురాయిగా అడుగున పేరుకుంటుంది. అగ్నిపర్వతాలు కొంత వెనక్కి కక్కుతాయి గానీ చాలదు. పైగా సూర్యుడి వెలుగు 11 కోట్ల ఏళ్లకోసారి నూటికి ఒక వంతు పెరుగుతూ వచ్చింది. వేడి పెరిగిన కొద్దీ రాయి తొందరగా అరుగుతుంది, గాలిలో తిండి తొందరగా తరుగుతుంది.

ఇక్కడ మీకో అనుమానం రావాలి. మన కాలంలో ఆ వాయువు ఎక్కువైందనే కదా గొడవంతా? అవును. గాలిలో పది లక్షల పాళ్లకు 280 ఉన్నదాన్ని మనం 420 దాటించాం. ఆ గొడవ నిజమే, అందులో పోయే ప్రాణాలూ నిజమే. కానీ ఆ అదనాన్ని లక్షల ఏళ్లలో ఈ రాయే మింగేస్తుంది. కోట్ల ఏళ్ల పద్దులో అది కనిపించదు. 150 పాళ్లకు తగ్గితే వరి లాంటి పైరుకు పస్తే, ఇక్కడికొచ్చేసరికి అదే జరిగింది.

ఇప్పుడు జొన్నలు చల్లండి. మూడో ఆకు వచ్చింది. నాలుగోదీ వచ్చింది. ముదురాకుపచ్చగా, నిటారుగా. జొన్నాకులో నరాల చుట్టూ ప్రత్యేకమైన అరలుంటాయి. గాలిలో ఉన్న కాస్త కార్బన్ డయాక్సైడ్‌నూ అక్కడికి పోగుచేసుకుని వాడుకుంటుంది. 10 పాళ్లున్నా నెట్టుకొస్తుంది. వరన్నాన్ని గొప్పింటి తిండని, జొన్నరొట్టెను లేనింటి తిండని చూసిన మన కాలానికి తగిన శాస్తి జరిగిందనే నేనంటాను.

తలెత్తండి, గ్రహణం పట్టింది. కానీ చీకటి పడదు. చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరం జరిగి జరిగి చిన్నబోయాడు, సూర్యుణ్ణి పూర్తిగా కప్పలేడు. అంచున ఉంగరంలా వెలుగు మిగిలిపోతుంది. 1980 ఫిబ్రవరి 16న జాపాల్-రంగాపూర్ వేధశాల దగ్గర పట్టపగలు చీకటి కమ్మింది చూశారూ, అలాంటిది ఇంక లేదు.

కదలండి.

110 కోట్ల ఏళ్లు. జొన్న కూడా లేదు. పది పాళ్లు కూడా మిగల్లేదు.

తలుపు తీసేముందు మాస్కు పెట్టుకోండి. చెట్టు పోయాక ఆక్సిజన్ పోయింది. ఒజోన్ పోయింది. ఎండలో చెయ్యి పెట్టకండి. పెట్టారా? తీసేయండి! తోలు కాలుతుంది. దూరంగా సముద్రం. ఆవిరి లేస్తోంది. పైకి, ఇంకా పైకి. అక్కడ ఎండ దెబ్బకు నీరు విడిపోతోంది. హైడ్రోజన్ అంతరిక్షంలోకి జారుకుంటోంది. అది తిరిగి రాదు. వాన తిరిగి రాదు. మాస్కులో ఊపిరి వేడెక్కింది. లోపలికి రండి. గడియ. గడియ వేయండి!

ఇప్పటికి మిగిలిన ప్రాణమల్లా రాతి లోతుల్లోని సూక్ష్మజీవులే. వాటికీ గడువుంది.

450 కోట్ల ఏళ్లు. తలుపు జోలికి పోకండి. భూమి శుక్రగ్రహానికి తోబుట్టువైపోయింది. అద్దంలోంచి పైకి చూడండి. ఆండ్రోమెడా గెలాక్సీ ఆకాశం సగం ఆక్రమించింది. మన కాలంలోనే అది మన పాలపుంత వంక సెకనుకు దాదాపు 110 కిలోమీటర్ల వేగంతో వస్తుండేది. గుద్దుకుంటే ఏమవుతుంది? మీరు అనుకున్నంత ఏమీ కాదు. మీ పొట్లంలో మిగిలిన జొన్నగింజ ఒకటి ఈ బండ మీద పెట్టండి, అదే సూర్యుడు. పక్క నక్షత్రం మహబూబ్‌నగర్ దాటాక ఇంకో గింజ. మధ్యలో అంతా ఖాళీ. ఇలాంటి రెండు గుంపులు ఒకదాంట్లోంచి ఒకటి దూసుకుపోతాయి, ఆకారాలు చెదిరిపోతాయి, కానీ గింజా గింజా తగలవు. అసలు ఈ దృశ్యం మీకు దక్కడమే అదృష్టం. 400 కోట్ల ఏళ్లలో ఢీకొనడం ఖాయమని 2012లో హబుల్ టెలిస్కోపు కొలతలతో ప్రకటించారు. 2025లో కొత్త కొలతలు కలిపి చూస్తే వచ్చే వెయ్యి కోట్ల ఏళ్లలో అది జరిగే అవకాశం సగానికి సగమేనని తేలింది.

760 కోట్ల ఏళ్ల దగ్గర ఉబ్బిన ఎర్ర సూర్యుడు భూమిని మింగేస్తాడని 2008లో ఒక లెక్క వేశారు. ఆ మజిలీ వద్దు, చూడ్డానికి అక్కడ ఎవరూ ఉండరు.

కాలాన్ని వెనక్కి తిప్పండి. లోకం అంతం అనగానే సినిమా వాళ్లు నిప్పులు కురిపిస్తారు, గెలాక్సీలు గుద్దిస్తారు. ఆ నిప్పుకు చాలా ముందే పైరు పస్తులతో పోతుంది, దాని వెనకే దాన్ని తిన్నవాళ్లందరూ పోతారు. మొక్కల గడువు 60 నుంచి 90 కోట్ల ఏళ్లని చాలాకాలం అనుకున్నారు, ఈ మధ్య కొందరు దాన్ని 160 కోట్లకు పైగా పొడిగించారు. మనిషి పుట్టి 3 లక్షల ఏళ్లే అయింది.