ఊరి పేరు చెప్పే కుట్టు

పాలస్తీనా స్త్రీలు బట్టమీద సూదితో చేసే ఎంబ్రాయిడరీని అరబ్బీలో ‘తత్రీజ్’ అంటారు. ‘తోబ్’ అనే పొడవాటి గౌనుకు ఛాతీమీద, చేతులకు, పక్కలకు ఈ పని చేస్తారు. ఎక్కువచోట్ల కనబడేది క్రాస్ స్టిచ్. కూతురు తల్లి దగ్గరే నేర్చుకొని, తన పెళ్లి బట్టలు తానే కుట్టుకునేది.

ఒకప్పుడు గౌను చూసి ఆ స్త్రీది ఏ ఊరో చెప్పేవారు. రామల్లా వారిది తెల్లని నారబట్టమీద ఎర్రదారం. దక్షిణాన బెదూయిన్లలో నీలం రంగు పెళ్లికానివారికి, ఎరుపు పెళ్లయినవారికి.

బేత్లెహేము పద్ధతి వేరు. అక్కడ పట్టు, జరీ తాళ్లను మెలికలుగా పరచి, సన్నదారంతో బట్టకు బిగించి కుట్టేవారు. ఆ పనితో చేసిన ‘మలక్’ అనే పెళ్లి గౌను కోసం చుట్టుపక్కల పల్లెల వధువులు ఆశపడేవారు. వారిలో ముస్లిం ఇళ్ల ఆడపిల్లలూ ఉన్నారు. పెళ్లయిన బేత్లెహేము స్త్రీ నాణేలు కుట్టిన ‘షత్వే’ అనే ఎత్తయిన టోపీ పెట్టుకొని, దానిమీద తెల్లని ముసుగు వేసుకునేది. లూకా 15లోని పోయిన నాణెమును ఇలాంటి టోపీతో ముడిపెట్టి ప్రసంగించేవారున్నారు. వినడానికి బాగుంటుంది గాని, నేడు మిగిలివున్న పాత గౌన్లు చాలామట్టుకు 19వ శతాబ్దానికి ముందువి కావు.

1948లో సుమారు 7 లక్షలమంది ఇళ్లు విడిచిపోవలసి వచ్చింది. శరణార్థి శిబిరాల్లో వేర్వేరు ఊళ్ల స్త్రీలు పక్కపక్కనే బ్రతికారు, వారి నమూనాలూ కలిసిపోయాయి. కొన్ని ఊళ్లు నేలమీద లేవు. వాటి ఆనవాలు గౌనుమీద ఉండిపోయింది. తనకోసం కుట్టుకున్న చేయి కూలికి కుట్టడం మొదలుపెట్టింది. 1965లో సమీహా ఖలీల్ అల్ బీరేలో స్థాపించిన ‘ఇనాష్ అల్ ఉస్రా’ ఈ పనిని ఎందరో స్త్రీలకు జీవనాధారం చేసింది.

1987లో మొదలైన ఇంతిఫాదా రోజుల్లో పాలస్తీనా జెండా ఎగరేయడం నిషేధం. స్త్రీలు ఆ జెండా రంగులనూ దేశపటాన్నీ గౌనుమీదే కుట్టుకున్నారు. దీన్ని కేవలం అలంకారమనుకుంటే సగమే చూసినట్టు. 2021లో యునెస్కో ఈ కళను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లే మన సంఘస్థులు బేత్లెహేము అంగళ్లలో ఒలీవ చెక్క సిలువలు కొంటారు. పక్కనే ఈ కుట్టుపని సంచులూ ఉంటాయి. యంత్రంమీద కుట్టినవి చవక. చేతితో కుట్టినది ఏదో, అది ఏ ఊరి నమూనానో అడిగి కొనండి.