మొదటి అక్షరం ఏది?

నల్ల తెరమీద ఆజ్ఞలు టైపు చేసి కంప్యూటరు నడిపిన డాస్ కాలం గుర్తుందా? 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన ఆ డాస్‌లో, ఫైలు పొరపాటున చెరిపితే తిరిగి తెచ్చే ఆజ్ఞ లేదు.

అయితే ఆ చెరపడం పూర్తిగా చెరపడం కాదు. డాస్ ఫైలు పేరులో మొదటి అక్షరాన్ని తీసి అక్కడొక గుర్తు పెట్టేది, ఆ చోటు ఖాళీ అని పట్టీలో రాసుకునేది. లోపలి సరుకు మాత్రం, ఇంకొకటి దానిమీద రాసేదాకా, డిస్కుమీద అలాగే ఉండేది. ఈ కిటుకు పట్టుకొని పీటర్ నార్టన్ రాసిన అన్‌ఎరేజ్ 1982లో నార్టన్ యుటిలిటీస్‌లో వచ్చింది. ఇలాంటి చిన్న పనిముట్లు ఎందరో రాశారు. డాస్‌తోపాటే వచ్చే డీబగ్‌తో చిన్న పనిముట్లు తయారయ్యేవి. మైక్రోసాఫ్ట్ 1991లో డాస్ 5తో అన్‌డిలీట్ ఆజ్ఞ ఇచ్చింది. పోయిన ఆ మొదటి అక్షరం ఏదని అది మనల్నే అడిగేది.

తమిళ బడిలో చదివిన మాకు ఇంట్లో తెలుగు మాట నిలిచింది, అక్షరం లేదు. పెద్దయ్యాక కూడబలుక్కుంటూ నేర్చుకున్నాం. మన పిల్లల దగ్గర మాట ఇంకా ఉంది. దానిమీద వేరేది రాసేలోపు మొదటి అక్షరం మనమే చెప్పాలి.