బద్ర్ ఖైదీల బడి

హిజ్రీ 2వ సంవత్సరం (క్రీ.శ. 624) రమజాన్ మాసంలో జరిగిన బద్ర్ యుద్ధంలో సుమారు 70 మంది ఖురైషీయులు బందీలయ్యారు. విమోచన ధనం వారి వారి స్తోమతును బట్టి నాలుగు వేల దిర్హముల దాకా నిర్ణయమైంది. మరి ధనం లేక, చదువు మాత్రమే ఉన్నవారి సంగతి? ఒక్కొక్కరు పదిమంది అన్సారీ బాలురకు వ్రాత నేర్పితే చాలునని దైవప్రవక్త (స) అంగీకరించారు.

శత్రువు వద్దకు బిడ్డను పంపడం తేలికైన పని కాదు. ఒకనాడు ఒక బాలుడు ఏడుస్తూ ఇంటికి వచ్చాడు, గురువు కొట్టాడట. వాడు బద్ర్ పగ తీర్చుకుంటున్నాడని తండ్రి మండిపడి, ఇక అక్కడికి పోవద్దన్నాడని ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం. ఈ కోపాన్ని ఉల్లేఖకులు దాచకపోవడమే మంచిదైంది.

అలా వ్రాత నేర్చినవారిలో హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ఒకరని ఇబ్నె సఅద్ గ్రంథం తెలుపుతోంది. హజ్రత్ అబూబక్ర్ (రజి) కాలంలో ఖుర్ఆన్‌ను ఒక ప్రతిగా సమకూర్చే బాధ్యత ఆయనకే అప్పగించబడింది.