సిద్ధం కాని సాఫ్ట్‌వేర్‌తో సంసారం

డెబియన్ లినక్స్ విడుదలల జాబితా చూస్తే 0.93 తర్వాత నేరుగా 1.1 కనిపిస్తుంది. మధ్యలో ఉండాల్సిన 1.0 లేదు. ఎవరో అచ్చులో వదిలేశారేమో అనిపిస్తుంది గానీ, దాని వెనక ఒక కథ ఉంది. 1995 చివర్లో అమెరికాలో ఇన్ఫోమ్యాజిక్ అనే సీడీల వ్యాపార సంస్థ అయిదు సీడీల లినక్స్ సెట్టు ఒకటి అమ్మకానికి పెట్టింది. డెబియన్ సర్వర్లో ఇంకా తయారవుతున్న ఫైళ్లను తీసుకుని, ‘డెబియన్ 1.0’ అని పేరు పెట్టి ఆ సెట్టులో వేసేసింది. అప్పటికి డెబియన్ వాళ్లు ప్రోగ్రాములను పాత ఏ.అవుట్ పద్ధతి నుంచి ఈఎల్ఎఫ్ అనే కొత్త పద్ధతికి మారుస్తున్నారు. కొన్ని ఇటు, కొన్ని అటు. ఆ సీడీ పెడితే కంప్యూటర్ బూట్ అవుతుందన్న భరోసా కూడా లేదు. కార్బైడ్ వేసిన మామిడిపండు లాంటి సరుకది: పైకి పసుపు, కొరికితే పులుపు. డిసెంబరులో డెబియన్ తరఫున బ్రూస్ పెరెన్స్ ప్రకటన చేయాల్సి వచ్చింది, అది మా 1.0 కాదు, దాన్ని వాడకండి అని. చెడిపోయిన ఆ అంకెను ఇక ముట్టుకోకుండా, 1996 జూన్ 17న అసలు విడుదలకు 1.1 అని పేరు పెట్టారు.

హనుమకొండలో ఒక కాలేజీ కంప్యూటర్లకు కాపలా కాయడమే నా ఉద్యోగం. “మేడమ్, కొత్త వెర్షన్ బీటా వచ్చింది, ఆఫీసు సిస్టంలో వేసేద్దామా?” అని ల్యాబ్ పిల్లలు వచ్చి అడిగినప్పుడల్లా ముందు ఈ కథే చెబుతాను. వేయమనీ అనను, వద్దనీ అనను. విడుదల కాకముందే సాఫ్ట్‌వేర్‌ను పనిలో పెట్టుకోవాలా వద్దా అన్న ప్రశ్నతో డెబియన్ వాళ్లు వేగినంత బహిరంగంగా మరెవరూ వేగలేదు. వాళ్ల ముప్పై ఏళ్ల చరిత్ర చదివితే జవాబు సగం దొరికినట్టే.

ఇన్ఫోమ్యాజిక్ దెబ్బతో వాళ్లకు ఒకటి అర్థమైంది. తయారీలో ఉన్నదానికి అంకె ఇస్తే జనం అది పూర్తయిందనే అనుకుంటారు. అందుకని సర్వర్లోని డైరెక్టరీలకు అంకెలు తీసేసి ముద్దుపేర్లు పెట్టారు. పెరెన్స్ అప్పుడు పిక్సార్‌లో ఉద్యోగి. కాబట్టి పేర్లన్నీ ఆ సంస్థ తీసిన టాయ్ స్టోరీ సినిమాలోంచి వచ్చాయి: బజ్, రెక్స్, బో, హామ్, స్లింక్, పొటాటో, వుడీ. విడుదల రోజున డైరెక్టరీని కదిలించరు, ‘స్టేబుల్’ అనే లింకును దాని వైపు తిప్పుతారు, అంతే. ఎప్పటికీ విడుదల కాకుండా రోజూ మారుతూ ఉండే ‘అన్‌స్టేబుల్’ విభాగానికి సిడ్ అనే పేరు స్థిరపడింది. సినిమాలో సిడ్ అంటే బొమ్మలు విరగ్గొట్టే పక్కింటి పిల్లాడు. ఇంత నిజాయితీ ఉన్న హెచ్చరికను ఏ కంపెనీ బీటా మీదా నేను చూడలేదు.

2000 డిసెంబరులో ఈ రెంటికీ నడుమ ‘టెస్టింగ్’ అనే మెట్టు కట్టారు. సిడ్‌లోకి వచ్చిన ప్యాకేజీ తొందర లేనిదైతే 10 రోజులు, కాస్త తొందరైతే 5, అత్యవసరమైతే 2 రోజులు అక్కడ నానాలి. ఈలోగా విడుదలను ఆపేంత పెద్ద దోషం ఎవరూ కొత్తగా నమోదు చేయకపోతే, అది ఆధారపడే మిగతా ప్యాకేజీలు కూడా సిద్ధంగా ఉంటే, టెస్టింగ్‌లోకి చేరుతుంది. ఈ లెక్కంతా ఒక్క నమ్మకం మీద నడుస్తుంది. ఆ పది రోజులూ ఎవరో ఒకరు సిడ్‌ను తమ రోజువారీ పనికి వాడుతూ ఉండాలి. వాడేవాళ్లు లేకపోతే దోషం బయటపడదు. బయటపడని దోషం పదకొండో రోజున నిశ్శబ్దంగా ముందుకు వెళ్లిపోతుంది.

చాలామంది మధ్యేమార్గం క్షేమమని టెస్టింగ్ పట్టుకున్నారు. అక్కడ ఒక తిరకాసు ఉండేది. భద్రతకు సంబంధించిన లోపం బయటపడితే స్టేబుల్‌కు సెక్యూరిటీ టీం వెంటనే మరమ్మతు పంపేది. సిడ్‌కు ఆ ప్యాకేజీ చూసుకునే మనిషే కొత్త వెర్షన్ ఎక్కించేవాడు. టెస్టింగ్ మాత్రం పైనుంచి రావాల్సిన ప్యాకేజీ గడువు తీరేదాకా, దానికి అడ్డుపడ్డ మరో ప్యాకేజీ తొలగేదాకా ఆగాలి. టెస్టింగ్‌కు భద్రత చూసే ప్రత్యేక బృందం పని మొదలైంది 2005లో. అంతవరకూ నడిమి మెట్టు మీద నిలబడ్డవాళ్లకే గొడుగు ఆలస్యంగా అందేది.

మా దగ్గర వుడీ అడుగుపెట్టిన కాలం వేరు. 2002 జూలై 19న విడుదలైంది. డయలప్ లైన్లో దాన్ని దించుకోవడం జరిగే పని కాదు. పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చే లినక్స్ సీడీలు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినవాళ్లు తెచ్చిపెట్టే సీడీలు, ఒకరి దగ్గర మరొకరు రాసుకునే కాపీలు, ఇవే ఆధారం. ఆఫీసు మెషీన్‌లో వుడీ వేశాం. జీతాల బిల్లులు, హాల్‌టికెట్లు, స్కాలర్‌షిప్ జాబితాలు అన్నీ దాని మీదే. ఇన్‌స్టాలర్ మామూలుగా వేసే కెర్నెల్ 2.2 తరానిది, కావాలనుకుంటే 2.4 ఎంచుకోవచ్చు. పాతదే, కానీ మార్చి నెలాఖరున ట్రెజరీకి బిల్లులు పోవాల్సిన రోజు అది మొరాయించిన గుర్తు లేదు. అకౌంట్స్ మేడమ్‌కు ఆ మెషీన్‌లో ఏముందో తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం ఆమెకు రాకపోవడమే నా ఉద్యోగ ధర్మం.

ఇంట్లో నా సొంత మెషీన్‌లో మాత్రం సిడ్ ఉండేది. సరదా కోసం పెట్టుకున్నది కాదు, తెలుగు కోసం పెట్టుకున్నది. వుడీతో వచ్చిన డెస్క్‌టాప్ గ్నోమ్ 1.4. మన లిపుల్లో గుణింతాలు, వత్తులు కూర్చే పాంగో లైబ్రరీ గ్నోమ్ 2తో వచ్చింది. ఆ గ్నోమ్ 2 వెలువడింది 2002 జూన్‌లో, వుడీ తలుపులు మూసుకున్న తర్వాత. విండోస్ వైపు చూసినా అదే తంతు. 98లో యూనికోడ్ తెలుగుకు దిక్కు లేదు, ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక గానీ కుదరలేదు. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియా మొదలైంది. అందులో ఒక వాక్యం రాయాలన్నా, రాసింది సరిగ్గా కనబడాలన్నా కొత్త సాఫ్ట్‌వేర్ ఉండాల్సిందే. ఇంగ్లీషులో పని చేసుకునేవాళ్లకు వుడీ చాలు. తెలుగు కావలసినవాళ్లం సిడ్ దగ్గరికి వెళ్లక తప్పలేదు. ఒక అప్‌డేట్‌తో వత్తులు చక్కబడేవి, ఇంకో అప్‌డేట్‌తో పక్కకు జారి చుక్కల సున్నాలు తేలేవి. అది నా మెషీన్, నా రాత. చెడితే నా ఆదివారమే చెడేది.

వుడీ తర్వాతి స్టేబుల్ సార్జ్. అది 2005 జూన్ 6న గానీ రాలేదు, అంటే దాదాపు మూడేళ్లు. ఈలోపు కొత్త మదర్‌బోర్డులు, సాటా డిస్కులు వచ్చాయి, వుడీ ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనబడేది కాదు. ఈ ఖాళీలోనే 2004 అక్టోబరులో ఉబుంటు పుట్టింది. దాని పద్ధతి సులువు: సిడ్‌లో ఉన్నది తీసుకోవడం, కొన్ని నెలలు సానబట్టడం, ఆర్నెల్లకోసారి విడుదల చేయడం. అన్‌స్టేబుల్ పేరెత్తితే భయపడేవాళ్లు కూడా, సానబట్టి వేరే పేరు పెట్టి ఇస్తే నిశ్చింతగా వాడారు. అందులో తప్పేమీ లేదు. ఆ సానబట్టే పనికే అసలు విలువ.

అలాగని స్టేబుల్ అంటే దోషం లేనిదని కాదు. 2006 సెప్టెంబరులో డెబియన్ ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ప్యాకేజీలో చేసిన ఒక చిన్న మార్పు వల్ల రహస్య తాళాలకు కావలసిన యాదృచ్ఛికత దాదాపు పోయింది. తేడాగా మిగిలింది ప్రాసెస్ నంబరు ఒక్కటే, మామూలుగా 32,768కి మించని అంకె. మార్పు సిడ్‌లోకి వచ్చింది, టెస్టింగ్ దాటింది, 2007 ఏప్రిల్‌లో విడుదలైన ఎచ్ అనే స్టేబుల్‌లోకి దర్జాగా చేరింది. పైకి ఏదీ చెడలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. 2008 మే 13న బయటపెట్టేదాకా అలాగే ఉంది. ఆ తర్వాత ప్రపంచమంతా తాళాలు మార్చుకోవాల్సి వచ్చింది. పాత సార్జ్ మీదే ఉండిపోయినవాళ్ల దగ్గర తయారైన తాళాలకు మాత్రం ఏమీ కాలేదు. రోజులు గడిచినంత మాత్రాన పరీక్ష జరిగినట్టు కాదని ఆ ఏడాది అందరికీ తెలిసొచ్చింది.

2024లో కథ అడ్డం తిరిగింది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ తన పనికి డెబియన్ సిడ్ వాడుతున్నాడు. వేగం కొలిచే పరీక్షలు చేస్తుంటే ఎస్ఎస్‌హెచ్ లాగిన్లు సీపీయూను అనవసరంగా తింటున్నట్టు, ఒక్కోదానికి అర సెకను ఎక్కువ పడుతున్నట్టు గమనించాడు. ఇంకొకరైతే పట్టించుకునేవారు కాదు. ఆయన తవ్వుకుంటూ పోతే, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని దూర్చిన దొంగదారి బయటపడింది. జియా టాన్ అనే పేరుతో ఒకరు ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించి చేసిన పని అది. మార్చి 29న ఫ్రాయిండ్ దాన్ని లోకానికి చెప్పాడు. అప్పటికి అది సిడ్‌కు, టెస్టింగ్‌కు చేరింది గానీ స్టేబుల్‌ను తాకలేదు. ఉబుంటు 24.04 బీటా వారం వెనక్కి పోయింది. ప్రమాదాన్ని మొదట నెత్తికెత్తుకున్నదీ, మొదట పసిగట్టిందీ విడుదల కాని సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లే.

మరమ్మతు చేసిన తీరు కూడా చూడండి. డెబియన్‌లో ప్యాకేజీ పెద్ద అంకె వైపే నడుస్తుంది, వెనక్కి రావడానికి అధికారికంగా దారి లేదు. అందుకే పాత 5.4.5ను మళ్లీ ఎక్కించడానికి దానికి ‘5.6.1+రియల్లీ5.4.5’ అని పేరు పెట్టారు. అంకె పెద్దది, సరుకు పాతది. వెనక్కి వెళ్లడం నిపుణులకే ఇంత తిప్పలైతే, శనివారం రాత్రి అప్‌డేట్ నొక్కి సోమవారం పొద్దున ఫీజు రసీదులు ఇవ్వాల్సిన మనిషి సంగతేమిటి?

అందుకే పిల్లలు బీటా గురించి అడిగితే దాని గొప్పలు వినను, తిరిగి నాలుగు ప్రశ్నలు వేస్తాను. ఇది చెడితే ఆగేది నీ పనా, కౌంటర్ ముందు నిలబడ్డ వాళ్ల పనా? కొత్త వెర్షన్ ఒకసారి తెరిచి సేవ్ చేసిన ఫైలును పాత వెర్షన్ మళ్లీ తెరవగలదా, నకలు వేరే డిస్కులో ఉందా? పాతదానితో నిజంగా ఏ పని ఆగిపోయింది? చివరిది, చెడినప్పుడు ఏం చేస్తే చెడిందో నాలుగు వాక్యాలు రాసి పంపే ఓపిక ఉందా?

మొదటి దానికి ‘వాళ్ల పని’ అంటే చర్చ అక్కడితో సరి, ఆఫీసు మెషీన్ జోలికి రావద్దు. రెండో దానికి జవాబు లేకపోతే నకలు తీసుకున్నాకే రమ్మంటాను. మూడోదానికి, వత్తులు సరిగ్గా రావట్లేదు లాంటి గట్టి కారణం చెబితే నేనే దగ్గరుండి వేయిస్తాను. నాలుగో దానికి లేదు అన్నవాళ్లకు విడుదలయ్యేదాకా ఆగమనే నా సలహా. దోషం కనబడ్డా చెప్పకుండా సర్దుకుపోయేవాళ్లు బీటా వాడితే వాళ్లకూ లాభం లేదు, వెనక వచ్చేవాళ్లకూ లాభం లేదు. వాడదలిస్తే వాడండి, చెడింది కనిపిస్తే మాత్రం తప్పకుండా నమోదు చేయండి.