ఊపిరితిత్తుల్లో తిష్ఠ వేసిన క్రిమికి వైరస్ అండ: ఫేజ్‌లు చేసే మేలూ కీడూ

టీబీ మందులు పూర్తిగా వాడి నయమైన మనిషికి కొన్నేళ్ల తర్వాత మళ్లీ దగ్గు మొదలవుతుంది. రోజూ చిక్కగా, పచ్చగా తెమడ పడుతుంది. ఇంట్లోవాళ్లు టీబీ తిరగబెట్టిందని భయపడతారు. కానీ ప్రతిసారీ అది టీబీయే కానక్కరలేదు. టీబీ దెబ్బకు శ్వాసనాళాలు సాగి వెడల్పయిపోతే తెమడ బయటికి రాక అక్కడే నిలిచిపోతుంది. ఈ జబ్బును బ్రాంకియెక్టాసిస్ అంటారు. మన దేశంలో 31 కేంద్రాల్లో 2,195 మంది బ్రాంకియెక్టాసిస్ రోగుల వివరాలతో 2019లో ఒక అధ్యయనం వెలువడింది. వారిలో మూడో వంతు మందికి పైగా ఈ జబ్బుకు కారణం పాత టీబీయే. వారి తెమడలో ఎక్కువగా కనిపించిన క్రిమి సూడోమోనాస్ ఎరుజినోసా.

ఈ క్రిమి ఒకసారి ఊపిరితిత్తుల్లో స్థిరపడితే ఏళ్ల తరబడి వదలదు. దానికి అంత మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందని వెతికిన శాస్త్రవేత్తలకు, ఆ క్రిమి లోపలే ఉండే ఒక వైరస్ కనిపించింది.

ఫేజ్ అంటే ఏమిటి?

మనుషులకు వైరస్‌లు సోకినట్టే బ్యాక్టీరియాకూ సోకుతాయి. అలాంటి వైరస్‌లను బ్యాక్టీరియోఫేజ్‌లు, క్లుప్తంగా ఫేజ్‌లు అంటారు. 1896లో హాంకిన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త గంగా, యమునా జలాల్లో కలరా క్రిములను చంపే గుణం ఏదో ఉందని గుర్తించారు. 1915లో ట్వార్ట్, 1917లో డెరెల్ వీటి ఉనికిని బయటపెట్టారు. ఫేజ్ అనే పేరు పెట్టింది డెరెలే.

ఫేజ్‌లలో రెండు రకాల నడవడి ఉంది. కొన్ని బ్యాక్టీరియాలోకి దూరి, తమ సంతతిని పెంచుకుని, దాన్ని పగలగొట్టుకుని బయటికి వస్తాయి. మరికొన్ని తమ జన్యువును బ్యాక్టీరియా జన్యువులో కలిపేసి అక్కడే కాపురం పెడతాయి. బ్యాక్టీరియా రెండుగా చీలినప్పుడల్లా ఈ జన్యువూ దాంతోపాటే రెండవుతుంది. మొండి ఇన్‌ఫెక్షన్లలో చిక్కు ఎక్కువగా ఈ రెండో రకంతోనే.

పీఎఫ్ ఫేజ్ కథ

సూడోమోనాస్‌లో తరచూ కనిపించే ఇలాంటి వైరస్ పేరు పీఎఫ్. ఇది సన్నని దారం పోగులా ఉంటుంది. పొడవు సుమారు 2 మైక్రాన్లు, అంటే దాదాపు ఆ బ్యాక్టీరియా అంత. మందం 6, 7 నానోమీటర్లే. ఇది సాధారణంగా తన ఇంటి యజమానిని చంపకుండానే, పోగులు పోగులుగా బయటికి వస్తూ ఉంటుంది. ఈ పోగులు క్రిమికి మూడు విధాలుగా తోడ్పడతాయని పరిశోధనల్లో తేలింది.

మొదటిది గూడు. నీళ్ల తొట్టి గోడకు పట్టిన పాచి లాగే ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా తన చుట్టూ జిగురు పొర కట్టుకుంటుంది. దీన్ని బయోఫిల్మ్ అంటారు. పీఎఫ్ పోగులు ఆ జిగురులో ఒకే దిశలో వరుసగా సర్దుకుని దాన్ని మరింత గట్టిపరుస్తాయని 2015లో అమెరికా శాస్త్రవేత్తలు చూపారు.

రెండోది మందును పట్టి ఉంచడం. పీఎఫ్ పోగులకు రుణావేశం ఉంటుంది. ఇలాంటి ఇన్‌ఫెక్షన్లకు వాడే టోబ్రామైసిన్ వంటి మందులకు ధనావేశం ఉంటుంది. దాంతో మందు పోగులకు అతుక్కుపోయి, లోపలున్న క్రిమిని చేరేది తగ్గిపోతుంది.

మూడోది మన రోగనిరోధక కణాలను దారి మళ్లించడం. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, మన తెల్లకణాలు పీఎఫ్‌ను మింగినప్పుడు తమకు వైరస్ సోకిందనుకుని ఆ తరహా రక్షణకు దిగుతాయి. బ్యాక్టీరియాను పట్టి మింగే పని మందగిస్తుంది. ఎలుకల పుండ్లపై చేసిన ప్రయోగాల్లో పీఎఫ్ ఉన్న క్రిమి తేలిగ్గా పాతుకుపోయింది.

సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బు ఉన్నవారి తెమడను పరీక్షించినప్పుడు, పీఎఫ్ కనిపించినవారిలో దీర్ఘకాలిక ఇన్‌ఫెక్షన్, కొన్ని యాంటీబయాటిక్‌లకు లొంగకపోవడం ఎక్కువగా ఉన్నాయి. అయితే రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటే రెండోదానికి కారణమని తేల్చలేం.

అదే ఫేజ్ మందు కూడా

అన్ని ఫేజ్‌లూ క్రిమికి తోడుదొంగలు కావు. చంపే రకం ఫేజ్‌లను ఏరి మందుగా ఇచ్చే పద్ధతి జార్జియా దేశంలో దాదాపు నూరేళ్లుగా ఉంది. 2019లో ప్రచురితమైన ఒక ఉదంతం ప్రసిద్ధం. లండన్‌లో ఊపిరితిత్తుల మార్పిడి జరిగిన 15 ఏళ్ల అమ్మాయికి టీబీ క్రిమికి దగ్గరి బంధువైన మైకోబ్యాక్టీరియం అబ్సెసస్ సోకి, ఏ మందుకూ లొంగలేదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రాహమ్ హ్యాట్‌ఫుల్ బృందం మూడు ఫేజ్‌లను కలిపి పంపింది. అందులో రెండింటి జన్యువును చంపే గుణం వచ్చేలా సవరించారు. మూడోది దక్షిణాఫ్రికాలో ఒక కుళ్లిన వంకాయ నుంచి దొరికింది. ఆ అమ్మాయి పరిస్థితి చాలా మెరుగుపడింది.

ఒక ఫేజ్ ఒక క్రిమిలోనూ కొన్ని వంగడాలపైనే పనిచేస్తుంది. ఒకరికి పనిచేసింది మరొకరికి పనిచేయకపోవచ్చు. అందుకే ఇది ఇంకా మందుల షాపులో దొరికే మాత్ర కాలేదు. ఎవరైనా ఫేజ్ మందు ఇస్తామని డబ్బు అడిగితే, మన ఊపిరితిత్తుల డాక్టరును అడగకుండా ముందుకు వెళ్లవద్దు.

ఇంట్లో ఇలాంటి రోగి ఉంటే

• పాత టీబీ మచ్చ చూసి ఎవరికి వారే టీబీ మందులు మళ్లీ మొదలుపెట్టవద్దు. తెమడ పరీక్షలో టీబీ ఉందో లేదో తేల్చుకోవాలి.

• యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే తెమడ కల్చర్ పరీక్ష గురించి డాక్టరును అడగండి. ఏ క్రిమి ఉందో, ఏ మందుకు లొంగుతుందో అందులో తెలుస్తుంది. మామూలు కల్చర్‌లో పీఎఫ్ గురించి ఉండదు. కంగారు పడనక్కరలేదు.

• ఆ కాగితాలన్నీ తేదీల వారీగా ఒక ఫైలులో ఉంచండి. సోలాపూర్‌లో చూపించుకున్నవారు హైదరాబాదులో డాక్టరును కలిసినా, పాత కల్చర్ రిపోర్టులే ఆయనకు దారి చూపుతాయి.

• తెమడ బయటికి తెచ్చే శ్వాస వ్యాయామాలు నేర్చుకుని రోజూ చేయించండి. తెమడ నిలిచిపోతే క్రిమి గూడు కట్టుకోవడం తేలిక.

• నెబ్యులైజర్ వాడితే ప్రతిసారీ కడిగి పూర్తిగా ఆరబెట్టండి. సూడోమోనాస్ తడిలో బతుకుతుంది.

• తెమడలో రక్తం పడినా, ఆయాసం పెరిగినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.